హెర్రింగు కోయనివారు రచయితలు కారు

మీరే. కథా వికాస మండలి కార్యాలయంలో, రెండో అంతస్తులో, ఏసీ కింద కూర్చున్న పెద్దలారా, మీరే చేశారు. మా గుల్లలపాలెం శాఖా గ్రంథాలయంలోని ఒక పుస్తకాన్ని గోనెసంచిలో వేయించి, మూతి కుట్టించి, లక్క ముద్ర కొట్టించింది మీరు. ఎనభై ఏళ్ల ముసలమ్మను కిటికీ బయట ఎండలో నిలబెట్టింది మీరు. నిక్షేపంలా బతికున్న ఆడమనిషిని చంపింది మీరు. ఎవరో గుమాస్తా పొరపాటని తప్పించుకోవద్దు. గుమాస్తాలకు ఇంత ఊహ ఉండదు. ఇది పెద్ద చదువులు చదివినవాళ్ల పని.

నా పేరు మైలపిల్లి తవుడు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు తీస్తాను. బడిలో ఆరో తరగతి దాకా వెళ్లాను, తర్వాతిదంతా గ్రంథాలయంలో చదువుకున్నాను. పాఠకుల సంఘానికి అధ్యక్షుణ్ణి. సంఘంలో పద్నాలుగు మందిమి, అందులో చదవడం వచ్చినవాళ్లం ముగ్గురం. నా రాతలో తప్పులుంటే దిద్దుకోండి. విషయాన్ని మాత్రం దిద్దకండి.

మా గ్రంథాలయం ఒక గది. రెండు బీరువాలు, ఒక బల్ల, తిరిగితే చప్పుడు చేసే ఒక ఫ్యాను, గ్రంథపాలకుడు జోగినాయుడు. సాయంత్రం నాలుగింటికి ఎండు చేపలు ఎత్తి గంపల్లో వేసుకున్నాక ఆడవాళ్లు పదిమంది అక్కడికి వచ్చి నేల మీద కూర్చుంటారు. వాళ్లతోపాటు వాసన కూడా వస్తుంది. జోగినాయుడు ఏమీ అనడు, లేచి రెండో కిటికీ కూడా తెరుస్తాడు. సూరాడ రాజులమ్మ చదువుతుంది, మిగతావాళ్లు వింటారు.

ఆమె చదివేది తన పుస్తకమే. పేరు ‘కొండగాలి కొట్టిన పూట’. ముప్ఫై ఒక్క కథలు. యాభై ఎనిమిదేళ్ల ఈ మనిషి చేపలు కోసి, ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి, మధ్యలో దొరికిన తీరికలో స్కూలు నోటుపుస్తకాల్లో రాసుకున్న కథలు. చివరి కథలో ఒక పడవ ఉంటుంది. నలభై తొమ్మిదేళ్ల కిందట, కొండల వైపు నుంచి సముద్రంలోకి తోసే కొండగాలి కొట్టిన పూట, మా రేవు నుంచి వెళ్లి తిరిగిరాని పడవ అది. అందులో ఏడుగురు. ఒకడు రాజులమ్మ తండ్రి. శవాలు దొరకలేదు. శవం లేదు గనక మరణ ధ్రువపత్రం లేదు. రెవెన్యూ రిజిస్టరులో ఈ రోజుకీ వాళ్ల పేర్ల పక్కన ‘గల్లంతు’ అనే ఉంది.

ఆ కథ చివర రాజులమ్మ ఏడు పేర్లూ రాసింది. చదివేటప్పుడు బళ్లో హాజరు పిలిచినట్టు ఒక్కో పేరూ పిలుస్తుంది. ఆ పేరు తాలూకు మనిషి, భార్యో కూతురో, “ఆఁ” అంటుంది. ఏడు పేర్లు, ఏడు “ఆఁ”లు. తర్వాత గంపలెత్తుకుని ఇళ్లకు పోతారు. ఏడుపూ గీడుపూ ఏమీ ఉండవు.

ఇసకలో కూర్చుని చెప్పుకోవచ్చు కదా, పుస్తకం ఎందుకని మీరు అడుగుతారు. పడవ తాలూకు ముసలమ్మల్లో పెద్దది అమ్మోరమ్మ, ఎనభై ఏళ్లది. ఆమె ఒకనాడు జోగినాయుణ్ణి అడిగింది.

“బాబూ, నీ కాడ గుండ్రంటి ముద్దరుంది గదా, సర్కారుది. మా పేర్లున్న కాయితం మీద కూడా ఒకటెయ్యి.”

“ప్రతి పుస్తకానికీ మూడు పేజీల మీదే వెయ్యాలమ్మా.”

“ఆ మూడింట్లో ఇదొకటి సెయ్యి.”

వేశాడు. ఆ ఏడుగురి పేర్ల మీద ప్రభుత్వం కొట్టిన ముద్ర లోకం మొత్తంలో అదొక్కటే. అందుకూ పుస్తకం.

అటువంటి పుస్తకం మీదికి మీ ఉత్తర్వు వచ్చింది. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, జిల్లాలోని శాఖా గ్రంథాలయములందు మండలి గుర్తింపు పొందని కథా రచయితల గ్రంథములు పాఠకులకు అందుబాటులో ఉన్నట్లు మండలి దృష్టికి వచ్చినది. పాఠకుల శ్రేయస్సు దృష్ట్యా సదరు గ్రంథములను తక్షణమే వేరుచేసి భద్రపరచవలెను.’ జోగినాయుడు నాలుగుసార్లు చదివాడు. తర్వాత సంచి తెచ్చాడు. సూది మాత్రం రాజులమ్మనే అడిగాడు, అతని దగ్గర లేదు. వల కుట్టే సూది ఇచ్చింది ఆమె. తన పుస్తకం మూటకు తన సూదే.

గుర్తింపు అంటే ఏమిటని కనుక్కున్నాం. కనుక్కున్నది చెబుతాను, నవ్వకండి.

మండలి సభ్య కార్యదర్శి డాక్టర్ చిత్తరంజన్ గారు కథా రచనలో ప్రమాణాల అధ్యయనం నిమిత్తం స్కాట్లాండు దేశం వెళ్లారు. పన్నెండు రోజులు అధ్యయనం చేశారు. పదకొండు రోజులు వాన కురిసింది. పన్నెండో రోజు వానకు తలదాచుకోవడానికి ఒక చిన్న ఇంట్లోకి దూరారు. అది ఎల్స్‌పెత్ మెక్‌కాండీ అనే కథా రచయిత్రి పుట్టిన ఇల్లు, ఇప్పుడు ప్రదర్శనశాల. గుమ్మం దగ్గర మడతల కాగితం ఒకటి ఉచితంగా ఇస్తున్నారు. తొమ్మిది బొమ్మల్లో ఆమె జీవితం. చేపల రేవులో పుట్టింది. పదేళ్లు నిండకుండా తండ్రి సముద్రంలో పోయాడు. పద్నాలుగో ఏట బడి మానేసింది. హెర్రింగు అనే చేపలు కోసింది. ఏడాదిపాటు ఛాతీజబ్బుతో మంచం పట్టింది. వాన వెలవని ఊళ్లో రాతి ఇంట్లో కాపురముంది. ఏడుగురు ప్రచురణకర్తలు కథలు తిప్పికొట్టారు. టైపు మిషను కొనుక్కుని మళ్లీ రాసింది. తొమ్మిదో బొమ్మలో పేర్లు చెక్కిన ఒక రాయి, ఆ పేర్లలో మెక్‌కాండీ అని ఒకటి.

డాక్టరుగారు ఆ రాయి చూసి సమాధి అనుకున్నారు. వెంటనే గ్రహించారు: మహా రచయిత్రి కావడానికి దశలు తొమ్మిది, చివరిది మరణానంతర కీర్తి. తిరిగొచ్చి ఆ కాగితాన్ని బంకతో ఫైలులో అంటించారు. నివేదిక రాశారు. ‘రచయితలు యాదృచ్ఛికముగా తయారగుట వలన నాణ్యత లోపించుచున్నది. ప్రామాణిక జీవితము నుండియే ప్రామాణిక కథ ఉద్భవించును.’ ఫారం వచ్చింది. తొమ్మిది దశలకూ ఆధారాలు జతచేసినవాడే గుర్తింపు పొందిన రచయిత.

జిల్లాలో రచయితలన్నవాళ్లు తిరగబడతారనుకున్నాను. వరుసలో నిలబడ్డారు.

అపార్టుమెంటు కథలు రాసే ఒక విశ్రాంత అధికారి తాను చేపల రేవులో పుట్టినట్టు తొంభై ఏళ్ల తల్లిచేత ప్రమాణపత్రం రాయించాడు. ఆ తల్లి సంతకం పెడుతూ, “నిన్ను నర్సింగ్‌హోములో కన్నాన్రా, కొలాయి మాత్రం కారుతుండేది” అందట. ఆ వాక్యం కూడా జతచేశాడు, జలసామీప్యానికి ఆధారంగా. ఛాతీ వైద్యుడొకాయన ‘రచయితలకు జబ్బు ధ్రువపత్రములు ఇవ్వబడవు’ అని బోర్డు పెట్టుకోవలసి వచ్చింది. వాన వెలవని ఊరికి నిర్వచనం ఏడాదికి రెండు వందల వానరోజులని మండలి తేల్చింది. మన జిల్లాలో అందులో మూడో వంతు కూడా కురవదు. మిద్దె మీద తొట్టె కట్టి, కన్నాల గొట్టంతో కిటికీ ముందు నీళ్లు కారేటట్టు చేసుకుని, దాని కింద ఫొటో దిగి పంపారు కొందరు. వీధిలో మిగతావాళ్లకు కొలాయి రావడం మానేసింది.

స్కాట్లాండు చలికి కూడా ఆధారం కావాలని మా ఐసు ఫ్యాక్టరీకి వచ్చారు. శాలువాలు కప్పుకుని దిమ్మల గదిలో గంటసేపు కూర్చుని, ‘సదరు రచయిత శీతల వాతావరణమును అనుభవించినారు’ అని రాసి సంతకం పెట్టమన్నారు. పదకొండు మందికి పెట్టాను. దాచను. నా సంతకానికి అంత గిరాకీ ముందెన్నడూ లేదు.

హెర్రింగు మన సముద్రంలో లేదు. అందుకని మండలి మూడు రోజుల శిక్షణ శిబిరం పెట్టింది. హాల్లో తెర మీద చేప బొమ్మ వేసి, ఎక్కడ కోయాలో కర్రతో చూపించారు. శాకాహార రచయితల మనోభావాలు గౌరవించి వాళ్లకు సొరకాయ కోసుకునే వెసులుబాటు ఇచ్చారు. ముప్ఫై నలుగురు సొరకాయలు కోసి నాలుగో దశ దాటారు. మధ్యాహ్నం భోజనంలో కూర అదే.

ఇదంతా చూసి నాకు ధైర్యం వచ్చింది. రాజులమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె ఇసక మీద చేపలు తిరగేస్తోంది.

“అప్పా, ఇది నీ ఫారమే. ఆ దొరసాని బతుకు, నీ బతుకు ఒకటేలాగుంది.”

“ఏటి రాసుంది?”

చదివి వినిపించాను. విని, చేతులు దులుపుకుంది.

“ఆమెక్కూడా అయ్య పోనాడా సంద్రంలో. పాపం. ఎన్నేళ్లప్పుడు?”

“తొమ్మిది.”

“నాకూ అంతే గదరా.” గంప అందుకుని లేచింది. “పద, ఎల్దాం. నాలుగింటికల్లా వొచ్చీవాల. ముసిలోళ్లు నెల దినాలుగా గుమ్మం కాడే తిరుగుతన్నారు.”

కార్యాలయంలో ముఖాముఖి జరిపింది ఇద్దరు. చిత్తరంజన్ గారు, సూపరింటెండెంటు హైమవతి గారు. ఒకరు ఆలోచిస్తారు, ఒకరు ముద్ర వేస్తారు. రాజులమ్మ గంప గుమ్మం బయట పెట్టి లోపలికి వచ్చింది. హైమవతి గారు చేతిరుమాలు తీశారు.

“ఒకటో దశ. జన్మస్థలం చేపల రేవేనా?”

“ఇసకలోనే పుట్టీసినానమ్మా. మా యమ్మ సేపలు ఎండేస్తంటే నొప్పులొచ్చినాయి. ఇంటికెల్లే టైము లేకపోయింది.”

“ఆధారం?”

“ఇదిగో, నానే.”

“దరఖాస్తుదారు తనకు తాను ఆధారం కాజాలరు,” అన్నారు చిత్తరంజన్ గారు. “అయినా మానవతా దృక్పథంతో పరిశీలిద్దాం. నాలుగో దశ. హెర్రింగు.”

హైమవతి గారు నలుపు తెలుపు బొమ్మ చూపించారు. రాజులమ్మ కాగితం ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది.

“ఇది మా కవళ్ల సేపకి అప్ప లాగుంది బాబూ. ఇలాటివి నాను ఎన్ని కోసినానో సంద్రానికే తెల్సు. కానాగంతలు కోసినాను, సొరలు కోసినాను. కత్తి తెమ్మంటే తెస్తాను, బయట గంపలో ఉంది.”

“వద్దు, వద్దు,” అన్నారు హైమవతి గారు.

“సారూప్యత వేరు, తత్సమానత వేరు,” అన్నారు చిత్తరంజన్ గారు. “కవళ్లు హెర్రింగుకు సమానమా అనే అంశాన్ని ఉపసంఘానికి నివేదించాలి.”

నేను ఊరుకోలేకపోయాను. “సొరకాయని ఉపసంఘానికి పంపారా సార్?”

“సొరకాయ విషయంలో విధాన నిర్ణయం జరిగింది. మీరెవరు?”

“పాఠకుణ్ణి.”

“పాఠకుల పాత్ర ఈ దశలో లేదు.”

ఏడో దశకు వచ్చారు. తిరస్కార లేఖలు ఏడు కావాలి.

“అచ్చేసినోడు ఒక్కడే బాబూ. పెళ్లి కార్డులు ఏస్తాడు. సదివి, బాగుంది అన్నాడు, ఏసీసినాడు.”

చిత్తరంజన్ గారు విచారంగా తల ఊపారు. “అమ్మా, మీకు తగినంత తిరస్కారం జరగలేదు. ఇది మీ వ్యక్తిత్వ వికాసానికి పెద్ద లోటు. అయినా మండలి మీకు అండగా ఉంటుంది. మీ దరఖాస్తును మేమే ఏడుసార్లు తిరస్కరిస్తాం.”

హైమవతి గారు అక్కడికక్కడే ఏడు కాగితాల మీద ముద్ర కొట్టారు. ఆ గదిలో అంత చురుకుగా జరిగిన పని మరొకటి నేను చూడలేదు.

చివరికి రెండో దశ. “తండ్రిగారు సముద్రంలో మరణించినట్టు ధ్రువపత్రం?”

“సంద్రం కాయితం ఇవ్వదు బాబూ.”

“రిజిస్టరులో గల్లంతు అని ఉంది. గల్లంతు మరణం కాదు. మరణం నిరూపణ కాని తండ్రి సాంకేతికంగా జీవించి ఉన్నట్టే భావించాలి.”

రాజులమ్మ గొంతులో కోపం లేదు, నిజంగా అడిగినట్టే అడిగింది.

“ఐతే ఆయనకొక కబురెట్టండి బాబూ. నాకూ సూడాలనుంది.”

హైమవతి గారు చేతిరుమాలు దించారు. చిత్తరంజన్ గారు నివేదిక పేజీలు తిప్పారు. చాలాసేపు తిప్పారు. అప్పుడు వెలిగింది ఆయనకు.

“పరిష్కారం ఉంది. తొమ్మిదో దశ ప్రకారం దరఖాస్తుదారు మరణించి ఉండాలి.”

“దానికింకా టైముంది గదా బాబూ.”

“వాస్తవంగా అవసరం లేదు. తాత్కాలిక ప్రాతిపదికన చాలు. మీ పేరుతో తాత్కాలిక మరణ ధ్రువపత్రం మండలే సిఫారసు చేస్తుంది. దాంతో తొమ్మిదో దశ పూర్తవుతుంది. అంతేకాదు, రెండో దశలో ఏర్పడిన మరణపు లోటును ఇదే మరణంతో సర్దుబాటు చేయవచ్చు. ఫైలులో ఒక మరణం ఉంటే చాలు. అది ఎవరిదన్నది ద్వితీయాంశం.”

“నాను సచ్చినానని రాస్తే పుస్తకం బయటికొస్తాదా?”

“తక్షణం.”

రాజులమ్మ నా వైపు తిరిగింది. “ఏరా తవుడా, కాయితం మీద సస్తే పోయేదేటి? అమ్మోరమ్మకి కాళ్లు వాసిపోతన్నాయి నిలబడి.”

నేను వద్దన్నాను. గట్టిగా అనలేదు. అదే నా తప్పు. ఆమె వేలిముద్ర వెయ్యమంటే వేసింది. సంతకం చేస్తానంటే, మరణించబోయేవారు వేలిముద్రే వెయ్యాలన్నారు హైమవతి గారు.

మూడు రోజుల్లో ధ్రువపత్రం వచ్చింది. నలభై తొమ్మిదేళ్లుగా ఆ ఏడుగురికి రాని కాగితం ఇంత తొందరగా వచ్చేదేనా అని తిప్పి తిప్పి చూశాను. రాజముద్ర ఉంది, సంతకం ఉంది, తేదీ ఉంది. కారణం: సాహిత్య సేవ.

సంచి కుట్లు విప్పారు. పుస్తకం బయటికి వచ్చింది. వచ్చి, గాజు పెట్టెలోకి వెళ్లింది. ‘దివంగత రచయితల వారసత్వ విభాగము. తాకరాదు’ అని పైన చీటీ. తాళంచెవి మండలి దగ్గర.

ఆ సాయంత్రం ఆడవాళ్లంతా వచ్చారు. జోగినాయుడు గుమ్మంలో నిలబడి నేల చూపులు చూస్తూ అన్నాడు.

“రాజులమ్మగారూ, మీరు లోపలికి రాకూడదు. సభ్యత్వం రద్దయింది. మరణించినవారు...”

“మరి నానెవర్ని నాయుడుబాబూ, దెయ్యాన్నా?”

“దెయ్యాల గురించి ఉత్తర్వులో లేదండి.”

అమ్మోరమ్మ లోపలికి వెళ్లగలదు, కానీ చదవడం రాదు. రాజులమ్మ చదవగలదు, కానీ లోపలికి రాకూడదు. అమ్మోరమ్మ గాజు మీద చెయ్యి పెట్టి అట్ట చూసింది. తర్వాత బయటికి వచ్చి రాజులమ్మ పక్కన కిటికీ దగ్గర నిలబడింది.

పోనీ బయటే నోటికి చెబుతానని రాజులమ్మ మొదలుపెట్టింది. మర్నాడు నోటీసు. ‘దివంగత శ్రీమతి సూరాడ రాజులమ్మ గారి రచనలను బహిరంగముగా చదువదలచువారు సదరు దివంగతుల చట్టబద్ధ వారసుల లిఖితపూర్వక అనుమతి పొందవలెను.’ తన వారసులెవరో రాజులమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పెళ్లి లేదు, పిల్లల్లేరు. తండ్రి ఒకడున్నాడు, సాంకేతికంగా.

అప్పుడు నేను సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. ఆ మూల కాగితం నా కళ్లతో చూస్తానన్నాను. నెల తర్వాత ఫైలు చూడనిచ్చారు. జోగినాయుణ్ణి వెంట తీసుకెళ్లాను, అతనికి ఇంగ్లీషు వచ్చు. సెలవు చీటీలో కారణం ‘కడుపునొప్పి’ అని రాశాడు. మనిషిలో అంత సాహసం ఉందని నాకు తెలియదు.

ఫైలులో ఆ మడతల కాగితం ఉంది. తొమ్మిది బొమ్మలూ పైకి కనబడుతున్నాయి. అడుగున బంక. అంత ఫైలు నడిచింది, అంత ఉత్తర్వు వచ్చింది, ముప్ఫై నాలుగు సొరకాయలు తెగాయి, ఆ కాగితం రెండో వైపు ఏముందో చూసినవాడు ఒక్కడూ లేడు. గ్లాసులో నీళ్లు వేలికి అద్దుకుని చివర మెల్లగా తడిపాను. ఐసు దిమ్మ తీసేవాడికి తొందరపడకూడదని తెలుసు. ఊడి వచ్చింది.

జోగినాయుడు చదివాడు. మొదట తనలో తాను చదువుకున్నాడు. అద్దాలు తీసి తుడుచుకుని, పైకి చదివాడు.

‘ఎల్స్‌పెత్‌కు ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. మంగళవారం, శుక్రవారం ఆమె రేవు పక్క హాల్లో కథలు చదువుతుంది. అందరూ రావచ్చు. ఆమెకు చెముడు, తలుపు గట్టిగా కొట్టండి. తొమ్మిదో బొమ్మలోని రాయి సముద్రంలో పోయినవారిది. శవాలు దొరకని పందొమ్మిది మంది పేర్లను ఊరి కౌన్సిలు దాని మీద చెక్కించింది. నాలుగో పేరు ఆమె తండ్రిది.’

బయటికి వచ్చి టీ తాగాం. టీ తాగాక అతను అన్నాడు. “తవుడన్నా, అక్కడ శవం లేకపోతే రాయి పెట్టారన్నమాట.”

“మనవాళ్లు ఆ రాయిని చూసి ఆమెనే చంపేశారు.”

మండలికి ఈ సంగతి రాతపూర్వకంగా తెలియజేశాం. అత్యవసర సమావేశం జరిగింది. సిగ్గుపడి రద్దు చేస్తారనుకున్న నేను మూర్ఖుణ్ణి. తీర్మానం చూడండి. ‘శ్రీమతి ఎల్స్‌పెత్ మెక్‌కాండీ జీవించియున్నట్లు వెల్లడైనందున, ఆమె తొమ్మిదవ దశను పూర్తిచేయలేదని మండలి విచారముతో గమనించినది. ఆమె ప్రామాణిక రచయిత్రి హోదా రద్దు చేయబడినది. పదిహేను దినములలోగా సంజాయిషీ ఇవ్వవలసినదిగా లేఖ పంపబడినది. ఫారము మాత్రము యథాతథముగా అమలులో ఉండును.’

లేఖ రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది. ఆ మహాతల్లి సమాధానం కూడా రాసింది, ఒకే వాక్యం. ‘మీ ఉత్తరం అందేటప్పటికి చేపలు కోస్తున్నాను, ఆలస్యమైతే క్షమించండి.’ ఆ ఉత్తరం మీద హైమవతి గారు ‘సంజాయిషీ అసంతృప్తికరము’ అని రాశారు.

ఇక రాజులమ్మ వంతు. తన మరణ ధ్రువపత్రం కొంగున కట్టుకుని మండలి కార్యాలయానికి వెళ్లింది. ఈసారి గంప లోపలికి తెచ్చింది. ఆమె వెనక అమ్మోరమ్మ, మరో ఎనమండుగురు, నేను. కాగితం విప్పి బల్ల మీద పెట్టింది.

“బాబూ, ఈ కాయితం నాది గాదు. మా అయ్యది. పేరు తప్పు పడ్డాది. దిద్దీయండి.”

“దిద్దడం కుదరదమ్మా,” అన్నారు చిత్తరంజన్ గారు. “మరణ ధ్రువపత్రంలో సవరణకు ఎవరి పేర ధ్రువపత్రం ఉందో వారే స్వయంగా హాజరుకావాలి.”

“వొచ్చినాను గదా.”

ఆయన కలం ఆగింది.

“సచ్చినది నానే గదా, మీరే రాసినారు. నానే వొచ్చినాను. సూడండి, కూకున్నాను.” కుర్చీ లాక్కుని కూర్చుంది. “సచ్చినోళ్లు వొస్తే పేరు దిద్దుతానన్నారు. దిద్దండి. నా పేరు కొట్టీసి మా అయ్య పేరు రాయండి. కింద ఇంకో ఆరు పేర్లున్నాయి, జాగా సరిపోకపోతే ఎనక రాయండి. కాయితానికి ఎనకవైపు కూడా ఉంటాది బాబూ.”

హైమవతి గారు నవ్వు ఆపుకోలేకపోయారు. చేతిరుమాలు ఇప్పుడు అందుకు పనికొచ్చింది. చిత్తరంజన్ గారు మాత్రం నవ్వలేదు. మరణించినవారు కార్యాలయ వేళల్లో హాజరైతే అనుసరించవలసిన విధివిధానాల మీద ఉపసంఘం వేస్తామన్నారు. కవళ్ల ఉపసంఘమే అదనపు బాధ్యతగా చూస్తుందట.

రాజులమ్మ కదల్లేదు. గంపలోంచి స్కూలు నోటుపుస్తకం తీసింది, చివరి కథ చేతిరాత ప్రతి. ఏసీ కింద, ఏ వారసుల అనుమతీ లేకుండా, పేర్లు పిలవడం మొదలుపెట్టింది. మొదటి పేరుకు అమ్మోరమ్మ “ఆఁ” అంది. రెండో పేరుకు ఇంకొకామె. ఏడో పేరు తన తండ్రిది. పిలిచిందీ తనే, “ఆఁ” అన్నదీ తనే. హైమవతి గారు ముద్ర పట్టుకుని నిలబడి ఉన్నారు, ఎక్కడ వెయ్యాలో తెలియక.

ఇది జరిగి పదకొండు రోజులు. ఇప్పటికీ పుస్తకం గాజు పెట్టెలోనే ఉంది. రాజులమ్మ ఇప్పటికీ చచ్చే ఉంది, రోజూ చేపలు ఎండబెడుతూ.

కాబట్టి పెద్దలారా, మాకు ఉపసంఘం వద్దు. ఆ ఫారం చించి పారెయ్యండి. ఆ స్కాట్లాండు ముసలావిడకు క్షమాపణ రాయండి, పోస్టు ఖర్చులు మేం పెట్టుకుంటాం. రాజులమ్మను మూడు రోజుల్లో చంపారు, మూడు రోజుల్లోనే బతికించండి. ఏడుగురికి ఏడు కాగితాలు రాసి, రాజముద్ర కొట్టి, మీరే స్వయంగా తెచ్చి, ఎనభై ఏళ్ల అమ్మోరమ్మతో మొదలుపెట్టి ఒక్కొక్కరి చేతిలో పెట్టండి. అప్పుడు పిలిచే పేర్లు వినండి, కావలిస్తే మీరూ నేల మీద కూర్చోండి. వాసన వస్తుంది. రెండో కిటికీ తెరుస్తాం.

వచ్చే గురువారం నాలుగింటికి మేమంతా గ్రంథాలయానికి వస్తున్నాం. గాజు పెట్టె తాళంచెవి తీసుకుని మీరు రండి. మీరు రాకపోతే నేను దిమ్మలు కొట్టే సుత్తి తీసుకుని వస్తాను. జోగినాయుడు ఆ రోజుకూ కడుపునొప్పని సెలవు పెట్టాడు.